మెడనొప్పికి ఆస్టియోపతి: ముందు ఆ వేళ్ల తిమ్మిరి సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. సొంతూరు అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో, ఉండేది మారతహళ్లిలో. నాలుగు నెలలుగా మెడ కుడివైపు పట్టేసినట్టు నొప్పి, రెక్క దాకా లాగుతోంది. మూడు వారాల నుంచి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతున్నాయి. ఎక్స్‌రే తీయిస్తే మెడ వంపు తగ్గిందనీ, సీ5-సీ6 దగ్గర అరుగుదల మొదలైందనీ రాశారు. ఆఫీసులో ఒకాయన ఆస్టియోపతి సెంటరుకు వెళ్లమన్నాడు. ఫోన్ చేస్తే పన్నెండు సిట్టింగుల ప్యాకేజీ, డబ్బు ముందే కట్టాలన్నారు. మెడ విరిస్తే పక్షవాతం వస్తుందని మా ఆవిడ భయపడుతోంది. అమ్మేమో పుత్తూరు కట్టు కట్టించుకోమంటోంది. ఏం చేయమంటారు?

సమాధానం: ఆస్టియోపతి, అంటే కీళ్లనూ కండరాలనూ చేతులతో సరిచేసే వైద్యం, చేయించుకోవచ్చు. కానీ ఈ వారం వద్దు. ఆ ప్యాకేజీ మాత్రం అసలే కట్టొద్దు. నాలుగు నెలల మెడనొప్పి కన్నా మూడు వారాల వేళ్ల తిమ్మిరే మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది. మెడ ఎవరి చేతికి అప్పగించాలన్నా ముందు దాని సంగతి తేలాలి.

మెడలో ఏడు పూసలుంటాయి. ఐదో పూసకూ ఆరో పూసకూ మధ్య సందులోంచి బయటికొచ్చే నరం జబ్బ మీదుగా, ముంజేతి బయటి అంచు వెంట బొటనవేలు, చూపుడువేలి దాకా పోతుంది. మీ ఎక్స్‌రేలో అరుగుదల ఉందని రాసిన చోటూ అదే. కాబట్టి పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ గానీ, పెరిగిన ఎముక అంచు గానీ ఆ నరాన్ని ఒత్తుతోందేమో అని అనుమానించాలి. అయితే తొందరపడి అదేనని ఖాయం చేసుకోకండి. మణికట్టు దగ్గర మరో నరం నొక్కుకున్నా ఇవే వేళ్లు, వీటితోపాటు నడిమివేలు, తిమ్మిరెక్కుతాయి. రోజంతా కీబోర్డు మీద చేతులుండేవాళ్లలో ఇది చూస్తూనే ఉంటాం. రాత్రి తిమ్మిరికి మెలకువ వచ్చి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టును అనుమానించాలి. తల కొంచెం వెనక్కి వాల్చి కుడివైపు తిప్పినప్పుడు జివ్వుమని చేతిలోకి పాకుతూ, అదే చెయ్యి ఎత్తి నెత్తిమీద పెట్టుకుంటే హాయిగా ఉంటే మెడను అనుమానించాలి. కొందరికి రెండూ కలిసి ఉంటాయి. మణికట్టులో ఉన్న ఇబ్బందికి మెడను పన్నెండుసార్లు నొక్కించుకుంటే మెడకూ లాభం లేదు, వేళ్లకూ లేదు.

ఎక్స్‌రే రిపోర్టులోని మాటలకు అంతగా బెదరకండి. నలభై దగ్గర పడుతున్నవాళ్లలో, నొప్పి అన్నదే లేనివాళ్లలో కూడా, మెడపూసల్లో కొంత అరుగుదల కనిపిస్తుంది. నెత్తిన జుట్టు నెరిసినట్టే అదీను. ‘మెడ వంపు తగ్గింది’ అన్నది చాలాసార్లు ఎక్స్‌రే తీసేటప్పుడు గడ్డం కొంచెం కిందికి వంచి నిలబడటం వల్లనో, కండరాలు బిగుసుకుని ఉండటం వల్లనో వస్తుంది. ఆ వంపును చేతులతో తిరిగి తెప్పిస్తామని ఎవరైనా చెబితే ఆ మాట నమ్మకండి.

ఇప్పుడు ఇంట్లోనే మూడు చిన్న పరీక్షలు చేసుకోండి. ఇవి నరం గురించి కాదు, పూసల మధ్యగా పోయే వెన్నుపాము గురించి. మొదట కుడిచెయ్యి చాచి పది సెకన్లలో ఎన్నిసార్లు పిడికిలి పూర్తిగా మూసి, పూర్తిగా తెరవగలరో లెక్కపెట్టండి, తర్వాత ఎడమచెయ్యి. ఇరవైకి తగ్గకుండా రావాలి. రెండోది, గది ఈ మూల నుంచి ఆ మూలకు మడమకు వేలు ఆనించుకుంటూ తాడు మీద నడిచినట్టు పది అడుగులు వేయండి. మూడోది, అద్దంలో చూడకుండా చొక్కా గుండీలు పెట్టుకోండి. పిడికిలి మొరాయించినా, నడక తూలినా, గుండీలు ఈమధ్యే కష్టమవుతున్నా, తల ముందుకు వంచగానే వీపు వెంట కరెంటు కొట్టినట్టు జలదరించినా, మూత్రం బిగబట్టుకోలేకపోతున్నా వెన్నుపాము మీద ఒత్తిడి ఉందేమో వెంటనే చూపించుకోవాలి. ఆస్టియోపతి, ఫిజియో, మర్దన అన్నీ పక్కనపెట్టి రెండు మూడు రోజుల్లో న్యూరాలజిస్టునో, వెన్నెముక సర్జన్‌నో కలవండి. మూత్రం తేడా, కాళ్ల బలహీనత ఉంటే ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇంకొన్ని సంగతులు మీరు రాయలేదు కాబట్టి మేమే అడుగుతున్నాం. సాయంత్రం పూట సన్నటి జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా వదలని రాత్రి నొప్పి ఉన్నాయా? మన దేశంలో వెన్నుపూసలకు టీబీ రావడం అరుదేమీ కాదు, దాని మీద చెయ్యి వేసి నొక్కితే పూస కుంగిపోవచ్చు. ఈమధ్య బండి మీంచి పడ్డారా? కీళ్లవాతం, గతంలో కేన్సర్, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు, రక్తం పలచబరిచే మందులు ఉన్నాయా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మెడ మీద ఏ రకమైన చేతివైద్యమైనా డాక్టరు ఒప్పుకున్నాకే.

ఇవేవీ లేకపోతే ముందు ఎముకల డాక్టరునో, ఫిజికల్ మెడిసిన్ డాక్టరునో ఒకసారి కలవండి. ఆయన ఎక్స్‌రే ఒక్కటి చూసి పంపించేయకూడదు. చిన్న సుత్తితో మోచేతి మడతలో, ముంజేతి మీద, మోచేతి వెనక తట్టి చూడాలి. మోచెయ్యి మడిచే బలం, మణికట్టు పైకెత్తే బలం రెండు వైపులా పోల్చాలి. వేళ్ల మీద స్పర్శ చూడాలి. తల నొప్పివైపు వాల్చి నెత్తిమీద నెమ్మదిగా నొక్కితే చేతిలోకి పాకుతుందేమో గమనించాలి. ఇదంతా పది నిమిషాల పని. చేతి బలం తగ్గుతుంటేనో, ఆరు వారాలు సరిగ్గా జాగ్రత్తలు తీసుకున్నా తగ్గకపోతేనో ఎంఆర్‌ఐ అవసరం. బలం బాగుండి తిమ్మిరి ఒక్కటే ఉంటే తొందర లేదు. ఒక మాట ధైర్యానికి చెబుతున్నాం: మెడలో నరం ఒత్తుకుని చేతికి పాకే నొప్పి ఎక్కువమందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

ఇక ఆస్టియోపతి. 1874లో అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. కీళ్లు, కండరాలు, వాటిని కప్పే పొరల కదలికను చేతులతో పరీక్షించి చేతులతోనే సరిచేయడం దీని పని. ఈ పేరు ఒక్కో దేశంలో ఒక్కో అర్థం తీసుకుంది. అమెరికాలో డీఓ అంటే మందులు రాసే, ఆపరేషన్లు చేసే పూర్తిస్థాయి డాక్టరు. బ్రిటన్‌లో ఆస్టియోపాత్ మందులు రాయడు, చేతివైద్యం మాత్రమే చేస్తాడు. అక్కడ 1993లో వచ్చిన చట్టం ప్రకారం నమోదు చేసుకోనివాళ్లు ఆ పేరు పెట్టుకోవడానికే వీల్లేదు. మన దేశంలో అలా ఆస్టియోపతి కోసమే ఏర్పడిన చట్టబద్ధమైన మండలి లేదు. అందువల్ల బెంగళూరులో ఒకే రకం బోర్డు కింద, ఫిజియోథెరపీ డిగ్రీ చదివి పైన ఏళ్ల తరబడి ఆస్టియోపతి నేర్చుకున్నవాళ్లూ ఉండొచ్చు, నాలుగు వారాంతాల కోర్సు చేసినవాళ్లూ ఉండొచ్చు. పేరు చివర డీఓ అని కనబడితే సరిపోదు. అది డిప్లొమా కావచ్చు. మన దగ్గర కంటి డాక్టర్లలోనూ కొందరి పేరు చివర అవే రెండక్షరాలు ఉంటాయి.

కాబట్టి ఫోన్‌లోనే అడగండి. మీ మూల డిగ్రీ ఏమిటి? ఫిజియోథెరపీనా, ఎంబీబీఎస్సా, రెండూ కాదా? ఆస్టియోపతి ఎక్కడ, ఎన్నేళ్లు చదివారు? వేళ్ల తిమ్మిరి ఉన్నవాళ్లకు ఏం చేస్తారు, ఏం చేయరు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబే అసలు పరీక్ష. ‘ముందు నరాల పరీక్ష చేస్తాం, మెడను హఠాత్తుగా విరిచే ఝటకా ఇవ్వం, అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపిస్తాం’ అంటే వెళ్లదగ్గ చోటు. ‘ఒక్క సిట్టింగులో తగ్గిపోతుంది, రండి’ అంటే మానేయండి. మీరు ఫోన్ చేసిన సెంటరు ప్యాకేజీ సంగతి తప్ప మీ చేతి సంగతి అడగలేదనుకుంటా. అది మాకు నచ్చలేదు.

మీ ఆవిడ భయం ఉత్తది కాదు. మెడపూసలకు పక్కగా ఉండే రంధ్రాల గుండా రెండు రక్తనాళాలు పైకెక్కి మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్తాయి. తల పక్కకు తిప్పినప్పుడు ఆ తిరుగుడులో సగం దాకా పైనున్న రెండు పూసల మధ్యే జరుగుతుంది, రక్తనాళం మెలిక తిరిగేదీ అక్కడే. తలను ఒక చివరికి తిప్పి హఠాత్తుగా ఝటకా ఇస్తే ఎప్పుడో ఒకరికి ఆ నాళం లోపలి పొర చిరుగుతుంది. చిరిగిన చోట రక్తం గడ్డకట్టి మెదడులోకి పోతే పక్షవాతం. ఇది అరుదు. కానీ ఎవరికి వస్తుందో ముందుగా కచ్చితంగా చెప్పే పరీక్ష లేదు, వస్తే కోలుకోవడం కష్టం. పైగా ఆ ఝటకా వల్ల మాత్రమే దొరికే లాభం అంటూ ఏదీ లేదు. నెమ్మదిగా కీలును కదిలించే పద్ధతులతోనూ ఇంచుమించు అంత ఉపశమనం వస్తుంది. నరం ఒత్తుకున్న అనుమానం ఉన్న మీ మెడకు ఝటకా వద్దే వద్దు. బల్ల మీద పడుకోకముందే, కూర్చుని మాట్లాడేటప్పుడే చెప్పండి: ‘మెడ విరవొద్దు, టక్కుమనే ఏ పనీ మెడ మీద చేయొద్దు.’ ఆ మాట కేసు పేపరు మీద రాయించండి. ఒప్పుకోని చోటు నుంచి లేచి వచ్చేయడానికి మొహమాటపడకండి.

ఆ టక్కుమనే చప్పుడు గురించి కూడా. పక్కకు పోయిన ఎముక చోటుకొచ్చి కూర్చున్న శబ్దం అది అని చాలామంది అనుకుంటారు, కొందరు చెప్తారు కూడా. కీలు లోపలి ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి వాయువు బుడగ ఏర్పడేటప్పుడు వచ్చే చప్పుడు అది. వేళ్లు విరుచుకున్నప్పుడు వచ్చేదీ అదే. ఏ ఎముకా ఎక్కడికీ పోలేదు, ఎక్కడి నుంచీ రాలేదు. సెలూన్‌లో కటింగయ్యాక తల పట్టుకుని రెండు వైపులా విరిచే అలవాటు మీకుంటే ఈ రోజుతో మానేయండి. ఆస్టియోపతి గదిలో కనీసం మెడ చదివిన మనిషి ఉంటాడు, అక్కడ అదీ లేదు.

అమ్మగారి మాట కొట్టిపారేయకుండా చెప్పాలి. పుత్తూరు కట్టు మీద మన రాయలసీమలోనే కాదు, చెన్నైలో, బెంగళూరులో కూడా తరాల నమ్మకం ఉంది. అయితే అది చెయ్యో కాలో విరిగినప్పుడు కదలకుండా పట్టి ఉంచడానికి పుట్టిన పద్ధతి. మీ మెడలో విరిగిందేమీ లేదు. కదలకుండా కడితే మెడ కండరాలు మరింత నీరసిస్తాయి. మెడకు కాలర్ విషయంలోనూ ఇదే మాట. నొప్పి భరించలేని రోజుల్లో, రెండు మూడు రోజులపాటు, గంటో రెండు గంటలో పెట్టుకుంటే తప్పులేదు. వారాల తరబడి పెట్టుకుంటే తీసిన రోజు తల బరువు మోయలేక నొప్పి ఇంకా పెరుగుతుంది. తల బరువు సుమారు నాలుగున్నర నుంచి ఐదు కిలోలు. దాన్ని మోయాల్సింది కండరాలే, పట్టీ కాదు. అమ్మగారికి మనసు నిమ్మళించాలంటే రోజూ పదిహేను నిమిషాలు వేడినీళ్ల సంచితో ఆమె చేతే కాపడం పెట్టించుకోండి. నొప్పికి అది నిజంగానే పనికొస్తుంది. చర్మం కాలకుండా తువ్వాలు చుట్టాలి, అంతే.

డాక్టరు చూసి ఫరవాలేదన్నాక వెళ్లిన మొదటి సిట్టింగు ఎలా ఉండాలో చెబుతాం. ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. అందులో మొదటి పావుగంటో ఇరవై నిమిషాలో మాటలకూ పరీక్షకూ పోవాలి. బీపీ చూడాలి. నరాల పరీక్ష ఇక్కడ మళ్లీ చేయాలి. డాక్టరు చేశాడు కదా అని వదిలేయకూడదు, ఎందుకంటే వారంలో మారొచ్చు. ఆ తర్వాత చేతులు సాధారణంగా మెడ మీద కన్నా ముందు వీపు పైభాగం మీద పడతాయి. గంటల తరబడి వంగి కూర్చునేవాళ్లకు రెక్కల మధ్య వెన్ను బిగుసుకుపోయి, ఆ కదలిక కూడా మెడే చేయాల్సి వస్తుంది. అక్కడ సడలిస్తే మెడ తేలికపడుతుంది. మెడ నుంచి భుజానికి దిగే కండరం, రెక్క మూల నుంచి పైకెక్కే కండరం, పుర్రె కింద అంచున ఉండే చిన్న కండరాలు, వీటిని నెమ్మదిగా ఒత్తి సాగదీస్తారు. ఆస్టియోపతిలో పుట్టిన మంచి పద్ధతి ఒకటుంది. మీ తలను వాళ్లు చేత్తో పట్టుకుంటారు, మీరు మీ బలంలో నాలుగో వంతుతో వాళ్ల చేతికి ఎదురు తోస్తారు, ఐదారు సెకన్లు. వదిలేసి ఊపిరి తీసుకున్నాక కండరం కొంచెం సాగుతుంది, వాళ్లు అంతమేరకే తలను జరుపుతారు. ఇలా మూడు నుంచి ఐదుసార్లు. ఝటకా లేదు, చప్పుడు లేదు. బలం వేసేది మీరే కాబట్టి ఆపడం కూడా మీ చేతిలోనే ఉంటుంది. పుర్రె ఎముకల లయ సరిచేస్తామని తల పట్టుకుని అరగంట కూర్చునే పద్ధతి కూడా కొందరు చేస్తారు. హాని లేదు, కానీ దానికి చెప్పుకోదగ్గ ఆధారమూ లేదు. మీ సమయం, డబ్బు దానికి పెట్టకండి. మెడ సరిచేస్తే షుగరు తగ్గుతుంది, థైరాయిడ్ మాత్ర మానేయొచ్చు అన్న మాట వినిపిస్తే అక్కడితో ఆపేయండి.

సిట్టింగు తర్వాత ఒకటి రెండు రోజులు కసరత్తు చేసినట్టు ఒళ్లునొప్పి ఉంటుంది, అది మామూలే. ఆ రోజు స్కూటర్ మీద అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లోకి పోకుండా, పదిహేను నిమిషాలు అక్కడే కూర్చుని ఆటోలోనో క్యాబ్‌లోనో ఇంటికెళ్లండి.

ప్యాకేజీ ఎందుకు వద్దంటున్నామంటే, మూడు నాలుగు సిట్టింగుల్లో తేడా తెలియకపోతే పన్నెండింటిలోనూ తెలియదు. వారానికొకటి, ఎప్పటిదప్పుడు రసీదు తీసుకుని కట్టండి. వెళ్లేముందు కాగితం మీద మూడు సంగతులు రాసిపెట్టుకోండి. నొప్పి పదిలో ఎంత? బండి మీద వెనక్కి చూసేటప్పుడు తల కుడివైపు ఎంత దూరం తిరుగుతోంది? తిమ్మిరి ఎక్కడి దాకా వస్తోంది? నాలుగో సిట్టింగు తర్వాత అదే కాగితం తీసి పోల్చండి. తిమ్మిరి వేళ్ల నుంచి వెనక్కి జరిగి భుజం వైపు, మెడ వైపు కుదించుకుంటే, ఆ సమయంలో మెడనొప్పి కాస్త ఎక్కువనిపించినా సరే, మంచి దారిలో ఉన్నట్టు. మెడనొప్పి తగ్గి వేళ్ల తిమ్మిరి పెరిగితే ఆపేసి డాక్టరును కలవాలి. ఈ తేడా చాలామందికి తెలియక రెండోదాన్ని గుణం అనుకుంటారు.

చేతివైద్యం ఒక్కటే చేయించుకున్నవాళ్ల కన్నా, దానికి వ్యాయామం జోడించినవాళ్లకు మేలు ఎక్కువకాలం నిలుస్తుంది. ఎవరి దగ్గరికి వెళ్లినా, వెళ్లకపోయినా, ఇవి మొదలుపెట్టండి. గోడకు వీపు ఆనించి కూర్చుని, చూపు ఎదురుగా ఉంచి, గడ్డాన్ని తిన్నగా వెనక్కి లాగండి, సొరుగు మూసినట్టు. గడ్డం కిందికి వంగకూడదు, పైకి లేవకూడదు. మెడ వెనక సన్నగా సాగినట్టు తెలియాలి. ఐదు సెకన్లు ఉంచి వదలండి. పదిసార్లు, పూటకొకసారి చొప్పున రోజుకు మూడుసార్లు. బలంగా లాగి గొంతు ముందు కండరాలు బిగించడం ఇక్కడ అందరూ చేసే తప్పు, దానితో తలనొప్పి వస్తుంది. రెండోది, రెండు రెక్కలనూ వెనక్కి, కిందికి, ప్యాంటు వెనక జేబుల్లో పెట్టబోతున్నట్టు దగ్గరికి లాగి ఐదు సెకన్లు, పదిసార్లు. భుజాలు చెవుల వైపు లేస్తే తప్పు చేస్తున్నట్టు. మూడోది, అరచెయ్యి నుదుటి మీద పెట్టి తలతో తోయండి, తల కదలకూడదు, బలం నాలుగో వంతే. ఏడెనిమిది సెకన్లు, ఐదుసార్లు. ఇలాగే తల వెనక, కుడి, ఎడమ. ఊపిరి బిగబట్టకండి. ఏది చేసేటప్పుడైనా తిమ్మిరి వేళ్ల వైపు పాకితే అది ఆపేసి మిగిలినవి చేయండి. తలను గుండ్రంగా తిప్పడం, తల పట్టుకుని పక్కకు గట్టిగా లాగడం ఇప్పట్లో వద్దు. శీర్షాసనం, సర్వాంగాసనం కూడా.

ల్యాప్‌టాప్ ఎత్తు మార్చకుండా ఇవన్నీ చేస్తే లాభం సగమే. స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తుకు రావాలి. ఇంట్లో స్టాండు లేకపోతే నాలుగు లావు పుస్తకాలు చాలు, కానీ అప్పుడు కీబోర్డు, మౌసు విడిగా ఉండి తీరాలి. లేకపోతే భుజాలు పైకి లేచి నొప్పి మరో చోటికి మారుతుంది. మోచేతులకు ఆనుడు ఉండాలి. అరగంటకొకసారి లేచి రెండు నిమిషాలు నడవండి. రాత్రి పరుపు మీద ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకోవడం పూర్తిగా మానండి. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు దిండు మందం భుజం అంచు నుంచి చెవి దాకా ఉన్న దూరమంత ఉండాలి, వెల్లకిలా పడుకుంటే అందులో సగం చాలు. బోర్లా పడుకుంటే తల రాత్రంతా ఒకవైపే తిరిగి ఉంటుంది కాబట్టి ఆ అలవాటు వదలాలి. ల్యాప్‌టాప్ బ్యాగు కుడిభుజానికి వేలాడదీయకుండా రెండు భుజాలకూ వేసుకోండి.

ఎవరు మెడ మీద చెయ్యి వేసినా, ఆ తర్వాత గంటల్లో గానీ రోజుల్లో గానీ ఇదివరకెన్నడూ లేనంత తీవ్రమైన మెడనొప్పి, తలనొప్పి ఒక్కసారిగా మొదలైనా, కళ్లు తిరిగి నిలబడలేకపోయినా, ఒకటి రెండుగా కనిపించినా, మాట ముద్దగా వచ్చినా, మింగడం కష్టమైనా, ముఖంలో ఒకవైపు మొద్దుబారినా సెంటరుకు ఫోన్ చేస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేసి స్ట్రోక్ చూసే ఆసుపత్రికి వెళ్లండి. హోసూరు రోడ్డులోని నిమ్‌హాన్స్ మానసిక వ్యాధులకూ, మెదడు, నరాల జబ్బులకూ ఏర్పడిన సంస్థ. మీకు దగ్గరలో స్కానింగు, న్యూరాలజిస్టు ఉన్న పెద్దాసుపత్రి ఉంటే ముందు అక్కడికే. గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి, కాబట్టి లక్షణం ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకోమని మీ ఆవిడకు ముందే చెప్పి ఉంచండి. మెడ, దవడ, చేతి నొప్పితో చెమటలు పట్టి ఆయాసం వస్తే అది గుండె కావచ్చు, అప్పుడూ ఇదే నంబరు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్లొద్దు, ఎక్స్‌రే ఫిల్మ్ కూడా పట్టుకెళ్లండి. వాడుతున్న మాత్రల పేర్లన్నీ, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలతో సహా, ఒక చీటీ మీద రాసుకోండి. పిడికిలి లెక్క ఎంత వచ్చిందో ఆ చీటీ మీదే తేదీ వేసి రాయండి.